ఆకాశమున ఎడము

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయము చెంతనున్న ఇంద్రపుష్కరిణి గట్టుపై ఒక సాయంకాలము మేము నిలిచియుండగా మింటిపై రెండు తెల్లని గీతలు కనబడినవి. ఒకటి నైరృతినుండి ఈశాన్యమునకు సాగుచుండెను. మరియొకటి దానికి ఎదురుగా వచ్చుచుండెను. గీతల కొసలయందు వెండి రవ్వలవలె మెరయుచున్నవి విమానములు. చెన్నై, కోల్‌కతా నగరముల నడుమ తిరుగు విమానములకు మన కళింగతీరము ఒక రాచబాట. చూచుచుండగా రెండు రవ్వలును దగ్గరై, ఒకదానిపై నొకటి వ్రాలినట్లే తోచి, మరుక్షణమున విడిపోయినవి. మా ప్రక్కన మెట్టుపై కూర్చున్న ఒక వృద్ధురాలు, "అవి గుద్దేసుకోవేటి బాబూ?" అని అడిగినది.

ఆమె మనుమడు వెల్డింగు పనికై గల్ఫు దేశమునకు పోవుచు మరునాడు విశాఖపట్టణమున విమానమెక్కనున్నాడట. అతని పేర అర్చన చేయించుటకే టెక్కలినుండి వచ్చినదట. ఉద్దానము, టెక్కలి ప్రాంతములనుండి ఇట్లు పోయిన యువకులు ఎందరో కలరు. కావున ఆ ప్రశ్న ఒక్క ముసలమ్మది మాత్రమే కాదు. పిల్లలను విమానమెక్కించి వచ్చి, చేరితిమను కబురు అందువరకు నిద్రపోని ప్రతి యింటిదియును. ఆనాడు గట్టుపై నాలుగు మాటలలో మేము చెప్పిన సమాధానమును ఇచట విపులముగా చెప్పుదుము.

మొదట వేగము సంగతి గ్రహింపవలెను. పెద్ద జెట్ విమానము గంటకు సుమారు 850 కిలోమీటర్లు పోవును. రెండు ఎదురెదురుగా వచ్చినచో వాటి నడిమి దూరము గంటకు 1,700 కిలోమీటర్ల చొప్పున, అనగా సెకండునకు సుమారు 470 మీటర్ల చొప్పున తరిగిపోవును. ఒకటి విశాఖపట్టణముపైనను, మరియొకటి అరసవల్లిపైనను ఉన్నదనుకొందము. మింటిదారిన ఆ దూరము సుమారు 95 కిలోమీటర్లు. మనము బస్సులో రెండు గంటలకు తక్కువ కాకుండ కూర్చుండు ఈ ప్రయాణమును అవి రెండును కలిసి మూడున్నర నిమిషములకు లోపుగనే ముగించును.

ఇంత వేగమునకు పైలటు కన్నులను నమ్ముకొనుట చాలదు. ఎదుటి విమానము చివరి కొన్ని సెకండ్ల వరకు అద్దముపై చిన్న చుక్కగనే యుండును. అంతకంటె చిక్కైన సంగతి మరియొకటి కలదు. మనలను ఢీకొనబోవు వస్తువు అద్దముపై అటునిటు కదలదు. ఉన్నచోటనే యుండి పెద్దదగును. కళింగపట్నము తీరమున పడవలు నడుపువారికి ఇది క్రొత్త గాదు. తాను సాగుచుండగా ఎదుటి పడవ ఎంతసేపటికిని ఒకే దిక్కున కనబడుచున్నచో దారి మార్చుకొనవలసినదే. కదలుచున్నదానిని కన్ను వెంటనే పట్టుకొనును, కదలనిదానిని పోల్చుకొనలేదు. 1956 జూన్ 30వ తేదీన అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అను మహాగర్తముపైన రెండు ప్రయాణికుల విమానములు పట్టపగలు ఢీకొని 128 మంది మరణించిరి. ఒకరినొకరు చూచుకొని తప్పుకొందురులే అను నమ్మకము ఆనాటితో సడలిపోయినది.

కన్ను చాలనిచోట కొలతను ఆశ్రయింపవలసి వచ్చినది. కొలతలలో మొదటిది ఎత్తు. విమానమున ఎత్తును చూపు యంత్రము నిజమునకు కొలుచునది గాలి ఒత్తిడిని. పైకి పోయిన కొలది ఒత్తిడి తగ్గును; ఆ తగ్గుదలను యంత్రము అడుగులలోనికి మార్చి చూపును. అయితే నేలమీది గాలి ఒత్తిడి ఊరూరికిని, దినదినమునకును మారుచుండును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు అది ఎట్లు పడిపోవునో రేడియోలో వాతావరణ సూచనలు వినువారికి తెలియును. అందుచే ఒక హద్దునకు మించి ఎగురు విమానములన్నియు తమ యంత్రములను 1013.25 హెక్టోపాస్కల్‌లను ఒకే ప్రమాణమునకు త్రిప్పుకొనును. వాయుగుండము ఉన్ననాడు ఆ యంత్రము చూపు అంకెకును నిజమైన ఎత్తునకును కొంత తేడా ఉండవచ్చును. దానివలన చిక్కు లేదు. కళ్ళములో అందరి ధాన్యమును ఒకే కుంచముతో కొలిచినప్పుడు, ఆ కుంచము కొంచెము పెద్దదైనను చిన్నదైనను, ఎవరిది ఎక్కువ ఎవరిది తక్కువ అనునది మారదు గదా! విమానములలోను ఎవరు పైన ఎవరు క్రింద అనునదే ముఖ్యము.

ఈ కొలతపై ఆకాశమును మేడ అంతస్తులవలె విభజించిరి. 29,000 అడుగులనుండి 41,000 అడుగుల వరకు ఒక అంతస్తునకును మరియొక అంతస్తునకును నడుమ 1,000 అడుగులు, అనగా సుమారు 300 మీటర్లు, ఎడముండును. పూర్వము ఈ ఎత్తులలో 2,000 అడుగులు విడుచుచుండిరి. యంత్రముల ఖచ్చితత్వము పెరిగినందున 2003 నవంబరునుండి మన దేశమున దానిని 1,000 అడుగులకు తగ్గించిరి. తూర్పు ముఖముగా పోవునవి 33, 35, 37 వేల వంటి బేసి అంతస్తులను, పడమటి ముఖముగా పోవునవి 34, 36, 38 వేల వంటి సరి అంతస్తులను పట్టవలెను. ఈశాన్యముగా కోల్‌కతాకు పోవునది బేసి, నైరృతిగా చెన్నైకి పోవునది సరి. కావున ఆ సాయంకాలము ఒకదానిపై నొకటి వ్రాలినట్లు మాకు తోచిన విమానముల నడుమ నియమము ప్రకారము కనీసము వేయి అడుగుల గాలి యుండవలెను. క్రిందనుండి చూచు కంటికి ఆ వేయి అడుగులు కానరావు.

రెండవ కొలత ప్రక్క ఎడము. ఒకే ఎత్తున పోవు విమానములను రాడారు చూపుచున్నచోట మార్గమధ్యమున సాధారణముగా 5 నాటికల్ మైళ్ళు, అనగా 9 కిలోమీటర్లకు కొంచెము పైగా, దూరముగా నుంచుదురు. విమానాశ్రయముల సమీపమున వేగము తగ్గును గనుక 3 మైళ్ళు చాలుననుట కలదు. రాడారు లేనిచోట దూరమునకు మారుగా నిమిషములను లెక్కించి, ఎడమును చాల పెంచుదురు. నిలువు ఎడము, ప్రక్క ఎడము అను రెండింటిలో ఏదో యొకటి ఎల్లవేళల నిలిచియుండవలెననునది నియమము.

ఈ ఎడమును కాపాడువాడు నేలమీద రాడారు తెర యెదుట కూర్చుండు కంట్రోలరు. మన దేశమున ఈ కార్యమును అధిక భాగము భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థ నడుపుచున్నది. విశాఖపట్టణమున ప్రయాణికుల విమానములు పెరిగినది నౌకాదళమువారి స్థావరమునందు గనుక అచటి నియంత్రణ నౌకాదళము చేతిది. ఆ స్థావరమునకు పేరు ఐ.ఎన్.ఎస్. డేగ, చేయు పనికి తగిన పేరే. కంట్రోలరు ఫలాని ఎత్తునకు దిగుమని చెప్పినచో పైలటు ఆ అంకెను తిరిగి పలికి వినిపింపవలెను. పెండ్లి సరకుల పట్టీ చెప్పి, కొట్టువానిచే తిరిగి చెప్పించుకొనునట్లు, ఇచటను విన్నదానిని విన్నట్లు ఒప్పగించినగాని మాట పూర్తి కాదు.

మాట తిరిగి చెప్పినంతమాత్రమున పని చెప్పినట్లు జరుగునా? ఈ ప్రశ్నకు మన దేశము చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము ఢిల్లీనుండి సౌదీ అరేబియా విమానసంస్థవారి బోయింగు 747 విమానము 312 మందితో లేచినది. వారిలో పలువురు గల్ఫునకు పనికి పోవుచున్న భారతీయులు. అదే సమయమున కజకిస్థాన్ విమానసంస్థవారి ఇల్యూషిన్ విమానము 37 మందితో ఢిల్లీకి దిగుచుండెను. ఆనాడు ఢిల్లీకి వచ్చునవియు, ఢిల్లీనుండి పడమటికి పోవునవియు ఒకే మార్గమును ఉపయోగించుచుండినవి. దిగు విమానమును 15,000 అడుగులకును, ఎక్కు విమానమును 14,000 అడుగులకును కంట్రోలరు పరిమితము చేసెను. ఇద్దరును సరియని బదులు చెప్పిరి. కాని దిగు విమానము 15,000 వద్ద నిలువక ఇంకను దిగినది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామముల మీద, చీకటిలో, రెండును ఢీకొన్నవి. 349 మందిలో ఒక్కరును మిగులలేదు. ఆకాశమున రెండు విమానములు ఢీకొన్న ప్రమాదములలో ప్రపంచమున ఇంతటి ప్రాణనష్టము మరియొకటి లేదు.

న్యాయమూర్తి లాహోటీ అధ్యక్షతన జరిగిన విచారణలో, అనుమతించిన ఎత్తుకంటె క్రిందికి కజకిస్థాన్ విమానము దిగుటయే కారణమని తేలినది. ఆ విమానమున కంట్రోలరుతో మాటాడువాడు రేడియో ఆపరేటరు, నడుపువారు పైలట్లు. విన్న చెవి ఒకరిది, నడిపిన చేయి మరియొకరిది. నాటి ఢిల్లీ రాడారు విమానము ఎచట నున్నదో చూపెడిదే కాని, ఎంత ఎత్తున నున్నదో చూపెడిది కాదు. కావున దిగిన విమానము హద్దు దాటినదని నేలమీదివారికి తెలియు మార్గము లేకపోయినది. విమానములలో పరస్పరము హెచ్చరించుకొను యంత్రమును లేదు. తరువాత ఢిల్లీలో రాకపోకల మార్గములు వేరు చేయబడినవి. ఎత్తును చూపు రాడారు వచ్చినది. మన ఆకాశమున ఎగురు పెద్ద విమానములన్నింటికిని ఆ హెచ్చరిక యంత్రము తప్పనిసరి యైనది.

ఆ యంత్రమునకు టీకాస్ అని వాడుక పేరు. అది పనిచేయు తీరు రేడియో ఉన్న యింటివారికి తెలియజెప్పుట కష్టము కాదు. మన ఇంటి రేడియో వినును, కాని బదులు పలుకదు. విమానమున ట్రాన్స్‌పాండరు అను పెట్టె యుండును. అది వినును, పిలిచినచో బదులును పలుకును. ఒక విమానమునందలి టీకాస్ సుమారు సెకండునకొకసారి 1030 మెగాహెర్ట్జ్‌ల తరంగముపై "చుట్టుపట్ల ఎవరున్నారు?" అని పిలుచును. మన ఎఫ్.ఎమ్. ప్రసారములు 100 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతమున నుండునవి. ఇది దానికి ఇంచుమించు పదిరెట్లు. ప్రక్క విమానపు ట్రాన్స్‌పాండరు 1090 మెగాహెర్ట్జ్‌లపై తన ఎత్తును చెప్పి బదులిచ్చును. పిలుపునకును బదులునకును నడుమ పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. ఇట్లు సెకండు సెకండునకు దూరమును కొలుచుచుండుటచే అది ఎంత త్వరగా తరుగుచున్నదో కూడ తెలియును. నేలమీది కంట్రోలరుతో గాని, రాడారుతో గాని దీనికి పనిలేదు.

ఇచట ఒక చక్కని ఊహ కలదు. అపాయమును దూరముతో గాక వ్యవధితో కొలువవలెనని 1956లోనే అమెరికాలో మోరెల్ అను శాస్త్రజ్ఞుడు సూచించెను. నడిమి దూరమును, అది తరుగు వేగముతో భాగించినచో ఎన్ని సెకండ్లు మిగిలియున్నవో వచ్చును. ఎదురెదురుగా వచ్చువానికి 12 కిలోమీటర్ల దూరమనగా సుమారు 25 సెకండ్లు మాత్రమే. అదే దూరమున ఒకదాని వెనుక నొకటి మెల్లగా సమీపించుచున్నచో నిమిషములే యుండును. దూరము ఒకటే, అపాయము ఒకటి కాదు. అందుచే టీకాస్ సెకండ్లను లెక్కించును.

ఎత్తునుబట్టి ఈ గడువులు మారును; సామాన్యముగా 40 సెకండ్లు మిగిలినపుడు పైలటు చెవిలో "ట్రాఫిక్, ట్రాఫిక్" అని మొదటి హెచ్చరిక వినబడును. దానికి అర్థము, సిద్ధముగా నుండుమని. 25 సెకండ్లకు వచ్చుసరికి హెచ్చరిక ఆజ్ఞగా మారును: "క్లైంబ్, క్లైంబ్" అన్నచో ఎక్కుమనియు, "డిసెండ్, డిసెండ్" అన్నచో దిగుమనియు. పైలటు 5 సెకండ్లలో ఆ ప్రకారము చేయవలెను. రెండు విమానములును ఎక్కినచో, లేక రెండును దిగినచో ఏమి లాభము? ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు ఒకేవైపునకు తప్పుకొని మరల ఎదురుపడునట్లగును. అందువలన రెండు యంత్రములును ముందుగా తమలో తాము రేడియో సంకేతములతో మాటాడుకొని, ఒకటి ఎక్కుమన్నచో మరియొకటి దిగుమనునట్లు ఏర్పరచుకొనును. అపాయము తొలగిన పిమ్మట "క్లియర్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్" అని చెప్పి ఊరకుండును.

ఇప్పుడు ఒక కఠినమైన ప్రశ్న పుట్టును. నేలమీదినుండి కంట్రోలరు దిగుమని, అదే క్షణమున యంత్రము ఎక్కుమని చెప్పినచో పైలటు ఎవరి మాట వినవలెను? 2002 జులై 1వ తేదీ రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ పట్టణము మీద సరిగా ఇట్లే జరిగినది. 69 మందితో వచ్చుచున్న ఒక రష్యా విమానమును, ఇద్దరు పైలట్లు మాత్రమే యున్న ఒక సరకుల విమానమును 36,000 అడుగుల ఎత్తున దారి కలిసినవి. ఆ ఆకాశమును జూరిచ్ నగరమునుండి ఒకే కంట్రోలరు రెండు బల్లల మధ్య తిరుగుచు చూచుకొనుచుండెను. మరమ్మతుల కారణమున కొన్ని సాధనములు పనిచేయుటలేదు. ఆలస్యముగా గమనించి రష్యా విమానమును దిగుమనెను. మరికొన్ని సెకండ్లకే ఆ విమానపు టీకాస్ ఎక్కుమన్నది. సరకుల విమానపు టీకాస్ దిగుమన్నది. రష్యా పైలట్లు కంట్రోలరు మాట వినిరి, సరకుల విమానపు పైలట్లు యంత్రము మాట వినిరి. రెండును దిగినవి. 71 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది సెలవులకు బయలుదేరిన పిల్లలు.

ఇచట యంత్రము తప్పలేదు. కంట్రోలరు మాటయు, దానినే అందరు వినియుండినచో, ప్రాణములు కాపాడియుండును. ఇద్దరును ఒకే పెద్దను గౌరవింపకపోవుటయే ముప్పు తెచ్చినది. నాటి నియమములలో ఈ విషయము స్పష్టముగా లేదు. ఆ ప్రమాదము తరువాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ దానిని సందేహమునకు తావులేకుండ చేసినది. యంత్రము ఎక్కుమన్నచో ఎక్కవలెను, దిగుమన్నచో దిగవలెను. కంట్రోలరు అందుకు విరుద్ధముగా చెప్పినను సరే. పైలటు "టీకాస్ ఆర్.ఏ." అని ఒక్కమాట చెప్పగనే కంట్రోలరు ఆ విమానమునకు ఎత్తు మార్చుమను ఆజ్ఞలిచ్చుట మానవలెను. అపాయము గడచినదని పైలటు తెలిపిన పిమ్మట మరల బాధ్యత కంట్రోలరుది.

ఈ నియమము వలని మేలు మనవారికిని అనుభవములోనికి వచ్చినది. 2018 జులై 10వ తేదీన బెంగళూరు ఆకాశమున, కోయంబత్తూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న ఒక విమానమును, బెంగళూరునుండి కొచ్చికి పోవుచున్న మరియొక విమానమును ప్రమాదకరముగా సమీపించినవి. రెండింటియందును కలిసి 328 మంది ప్రయాణికులు. నిలువు ఎడము 200 అడుగులకు తగ్గినది. అనగా రెండు తాటిచెట్లు ఒకదానిపై నొకటి నిలిపినంత. రెండు విమానములలోను టీకాస్ పలికినది, పైలట్లు దాని మాట పాటించిరి, విమానములు విడిపోయినవి. హైదరాబాదున దిగిన ప్రయాణికులు సామానులు తీసుకొని ఎవరి యిండ్లకు వారు చేరిరి.

అట్లని యంత్రమే చాలును, కంట్రోలరెందుకనువారు పొరబడిన వారగుదురు. టీకాస్ ఎత్తు విషయమున మాత్రమే ఆజ్ఞ యిచ్చును. కుడికో ఎడమకో తిరుగుమని చెప్పదు. ట్రాన్స్‌పాండరు లేనిది దానికి కనబడదు. నేలకు వేయి అడుగుల లోపున అది ఆజ్ఞలీయదు. అచట దిగుమనుట మరియొక అపాయము గదా! 2022 జనవరి 7వ తేదీన బెంగళూరునందే రెండు విమానములు ప్రక్కప్రక్కనున్న రెండు రన్‌వేలనుండి ఒకే సమయమున లేచి ఒకదాని దారికి మరియొకటి వచ్చుచుండగా రాడారు కంట్రోలరు గమనించి వాటి దిక్కులు మార్పించెను. ఆనాడు 426 మందిని కాపాడినది ఒక మనిషి కన్ను, ఒక మనిషి గొంతు. కావున మొదటి కావలి ఎత్తుల నియమము, రెండవ కావలి కంట్రోలరు, కడపటి కావలి ఈ యంత్రము. కడపటి కావలి మేలుకొనవలసి వచ్చినదనగా మొదటి రెండింటిలో ఏదో కునికినదన్నమాట. అందువలననే యంత్రము ఆజ్ఞ యిచ్చిన ప్రతి సందర్భమును, ఎవరికిని దెబ్బ తగులకున్నను, వ్రాసి తెలిపి విచారించుట ఆచారమైనది.

ఇదంతయు ఆ వృద్ధురాలికి ఇన్ని మాటలలో మేము చెప్పలేదు. ఎదురెదురుగా పోవువానికి వేరువేరు అంతస్తులున్నవనియు, క్రిందనుండి కాచుచుండువారున్నారనియు, వారు ఏమరినచో విమానములే ఒకదానినొకటి పిలుచుకొని తప్పుకొనుననియు మాత్రము చెప్పితిమి. ఆమె విని, "మరి మావోడు చెయ్యాల్సిందేటి?" అని అడిగినది. మంచి ప్రశ్నయే. యంత్రము ఆజ్ఞ యిచ్చినపుడు విమానము ఉన్నట్టుండి పైకి లేవవచ్చును, దిగవచ్చును. పట్టీ లేనివారు సీటునుండి ఎగిరిపడుదురు. కావున దీపము ఆరినను, ప్రయాణము సాఫీగా నున్నను, కూర్చున్నంతసేపును నడుమునకు పట్టీ పెట్టుకొనియే యుండుమని చెప్పుమంటిమి. ఆమె కొంగు ముడి విప్పి చిన్న ఫోను తీసి, మేము చూచుచుండగనే మనుమనికి ఆ మాట చెప్పినది. చెప్పి, అతనిచేత తిరిగి చెప్పించుకొన్నది.